నాయిన తీసిన రాళ్లు

నాయిన పోయాక ఆయన మోటారుసైకిలు చాలాకాలం మా మెట్ల కిందే ఉండిపోయింది. సీటులోని స్పాంజిని ఎలుకలు పీక్కుపోయాయి, టైర్లలో గాలి దిగిపోయింది, అయినా అమ్మ దాని మీద పాత దుప్పటి కప్పి, వారానికోసారి ఆ దుప్పటి దులిపి మళ్లీ కప్పేది. మొన్న వానల్లో మెట్ల కిందికి నీళ్లొచ్చాక ఆమే విసిగిపోయి, వీధిలో పోతున్న పాత సామాన్లతన్ని పిలిచింది. అతను బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించే ముందు పక్కనున్న ఇనుప డబ్బా తెరిచి అందులోవన్నీ కింద పోశాడు. ఒక ప్లగ్గు స్పానరు, చినిగిన బనీను గుడ్డ, గోనెసంచి ముక్క, ఆ ముక్కలో చుట్టిన నల్లటి గుండ్రటి అయస్కాంతం. మైకుసెట్ల స్పీకర్లకు వెనకాల ఉంటుందే, అది. దాని చుట్టూ తుప్పుపట్టిన సన్నటి తీగలు, మేకులు, విరిగిన బోల్టు ముక్కలు బొచ్చులాగా అంటుకుని ఉన్నాయి. అతను దాన్ని తూకం పళ్లెంలో వేస్తే పళ్లేనికే అతుక్కుపోయింది, ఎంత లాగినా రాదు. “ఏందమ్మా గిది, ఇడుస్తలేదు” అని అతను తంటాలు పడుతుంటే, గడపలో కూర్చున్న అమ్మ “దాన్ని ఈడ పెట్టి పో” అంది. ఆ వెంటనే నా వైపు తిరిగి, “గీ రాళ్లు, గీ తీగల లొల్లిల్నే కదనే నీ బ్యాంకు నౌకరి పోయింది” అని కూడా అంది. అమ్మకు మరుపు రాదు. నాకూ రాదు.

మా నాయిన దేవదానం సిటీ బస్సు డ్రైవరు. నల్లగొండ దగ్గర ఒక ఊరి నుంచి అమ్మను తీసుకుని పట్నం వచ్చి, మన్సూరాబాదులో రెండు గదుల కిరాయి ఇంట్లో దిగాడు. నేను పుట్టింది, చదివింది, ఇదిగో ఇప్పుడు ఇది రాస్తున్నది అంతా ఆ చుట్టుపక్కలే. తెల్లవారుజామున మా ఇంట్లో మొదట వినిపించేది నాయిన ప్రార్థన కాదు, బండి తుడుస్తున్న చప్పుడు. చిన్న గిన్నెలో కాస్త కిరసనాయిలు పోసుకుని, పాత బనీను గుడ్డ ముంచి, చక్రాల పుల్లలు ఒక్కొక్కటే తుడిచేవాడు. లోపల అమ్మ జొన్నరొట్టెలు కొడుతుండేది. కిరసనాయిలు వాసన, కాలే రొట్టె వాసన కలిసి మా గదుల్లోకి వచ్చేవి, ఆ రెండూ కలిసిన వాసనే నాకు పొద్దు పొడవడం. తుడవడం అయ్యాక చేతులు కడుక్కుని, ముగ్గురం మోకరించి ప్రార్థన చేసుకుని, రొట్టెలోకి పచ్చిమిరపకాయ తొక్కు వేసుకుని తినేవాళ్లం. ఆ తర్వాత ఆయన కాకీ చొక్కా తొడుక్కుని డిపోకు పోయేవాడు. ఇంతవరకు ఏ ఇంటివాళ్లైనా చెప్పుకోగల కథే.

మా ఇంటికి మాత్రమే ఉన్న బాధ వేరు. నాయిన బండి మీద పోతూ రోడ్డు మీద రాయి కనబడితే ఆగేవాడు. ఇటుక ముక్కైనా, సిమెంటు పెళ్లైనా, లారీలోంచి జారిపడ్డ ఇనుప కడ్డీ అయినా సరే. బండి పక్కకు తీసి, స్టాండు వేసి, వచ్చే పోయే వాహనాలకు చెయ్యి అడ్డం పెట్టి, నడిమధ్యకు పోయి దాన్ని ఎత్తుకుని వచ్చి ఓరకు పడేసేవాడు. పెళ్లికి పోతున్నా అంతే, దవాఖానకు పోతున్నా అంతే. చర్చిలో మేం అడుగు పెట్టేసరికి ఎప్పుడూ రెండో పాట అయిపోయేది. పాస్టరుగారు మొదట్లో కోప్పడి, తర్వాత అలవాటుపడి, ఒకసారి ప్రసంగంలో నాయిన పేరు ఎత్తి మెచ్చుకున్నారు కూడా. అమ్మ మొహం మాడ్చుకుంది. “మెచ్చుకునుడు ఎంత పని, ఆయన బండి ఎనక గూసోని ఎండల నిలవడితె తెలుస్తది” అంది బయటికి వచ్చాక. అమ్మ దగ్గర ఇంకో మాట కూడా ఎప్పుడూ తయారుగా ఉండేది. “ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఇంకో తొవ్వ.”

ఎందుకు ఇట్లా అని చుట్టాలందరూ ఒక కథ అల్లుకున్నారు. చిన్నప్పుడు ఎవరో దగ్గరివాళ్లు రాయి తగిలి పోయి ఉంటారని, లేదంటే ఈయన బస్సు కిందే ఎవరో పడి ఉంటారని. నేను కూడా నమ్మాను. ఒకరోజు అడిగేశాను. నాయిన నవ్వాడు. “ఏం లేదు బిడ్డా. బస్సుల ఎత్తు మీద కూసుంటే ముంగట బండ్లోళ్లు పడుడు మొత్తం అవుపడ్తది. రాయి అవుపడ్తది, ఎనక నుంచి వచ్చేటోడు అవుపడ్తడు, ఇంక పడ్తడని కూడ తెలుస్తది. బస్సు ఆపుదామంటే ఎనక నూరు హారన్లు. బండి మీద ఉన్నప్పుడన్న ఆగనియ్యుర్రి నన్ను.” అంతే. ఇంత చిన్న సంగతికి ఇంతమందిని ఎండలో నిలబెడతాడా అని నాకు ఇంకా మండింది. ఏదో పెద్ద దుఃఖం ఉండి ఉంటే క్షమించడం సులువయ్యేది.

పోనీ అంత జాగ్రత్తగా ఉండే మనిషి బండికి దెబ్బలు తగలలేదా అంటే, మా బండికి తగిలినన్ని దెబ్బలు వీధిలో ఇంకే బండికీ తగల్లేదు. ముందు చక్రం రిమ్ము ఒకచోట లోపలికి నొక్కుకుపోయి, బండి ఎప్పుడూ కుంటినడక నడిచేది. లారీ టైరు కింది నుంచి చిట్లిన కంకర లైటు అద్దాన్ని పగలగొడితే, నాయిన దానికి ప్లాస్టిక్కు కాగితం అతికించాడు. వానాకాలంలో ఆ కాగితంలోకి నీళ్లు చేరి లైటు వెలుగు పసుపు నీళ్లలా వచ్చేది. కర్మన్‌ఘాట్ మలుపులో ఇసుక లారీ ఒకటి చుక్కచుక్కగా ఇసుక రాల్చుకుంటూ పోయింది, దాని మీద మా బండి జారింది, నా మోచెయ్యి మీద ఇప్పటికీ మచ్చ ఉంది. ఇంకోసారి రాయి చూసి నాయిన ఠక్కున బ్రేకు కొడితే వెనక వస్తున్న ఆటో మా మీదికి ఎక్కేంత పని చేసి, నా చున్నీని రాసుకుంటూ పోయింది. ఆటో అతను దిగివచ్చి తిట్టిన తిట్లు నాయిన నిలబడి విన్నాడు. విన్నాక, “తమ్మీ, జర ఆ రాయి మీంచి పోకు” అన్నాడు. ఆటో అతనికి నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

అమ్మ పడిన సంగతి మా ఇంట్లో చెప్పుకోని పండగ లేదు. లారీలు చెడిపోయి రోడ్డు మీద ఆగిపోతే, డ్రైవర్లు వెనకాల పెద్దపెద్ద రాళ్లు పేరుస్తారు, ఇటు రాకండి అని చెప్పడానికి. లారీ బాగయ్యాక లారీ పోతుంది, రాళ్లు ఉంటాయి. జాగ్రత్త కోసం పెట్టిన రాళ్లే ఆ తర్వాత మనుషుల్ని పడేస్తాయి. ఒక ఆదివారం మంచులో అటువంటి రాయి ఒకటి నాయిన చూసుకోలేదు. బండి ఎగిరిపడింది, పక్కకు కూర్చున్న అమ్మ జారి నేల మీద పడింది, చీలమండ మడతపడింది. నాయిన బండి ఆపి, పరుగున వెనక్కి వచ్చి, అమ్మను దాటిపోయి, ముందు రాయిని తీశాడు. “ఎనక లారీ వస్తున్నది, అందుకే” అని ఆయన వాదన. అమ్మకు ఆ వాదన ఏ రోజూ ఎక్కలేదు. “నన్ను లేపకముందు రాయిని లేపిండు” అని మా చుట్టాల్లో ఆమె చెప్పని మనిషి లేడు. చలికాలం వస్తే ఆ చీలమండ ఇప్పటికీ సలుపుతుంది, సలిపినప్పుడల్లా ఆమె నాయిన ఫోటో వైపు ఒక చూపు చూస్తుంది.

అట్లాంటి మనిషికి తెలంగాణ ఉద్యమం వచ్చింది. వచ్చిందంటే బయటినుంచి రాలేదు, మా ఇంట్లోనే ఉంది. నాయిన మొదటి రోజు నుంచీ అందులో మనిషే. డిపో ముందు ధర్నాల్లో కూర్చున్నాడు, డప్పు వినబడితే భుజాలు ఆగేవి కావు. కానీ ఉద్యమమంటే రోడ్డు. రాస్తారోకో అంటే రోడ్డు మీద రాళ్లు, బంద్ అంటే రోడ్డు మీద టైర్లు. ఎల్బీనగర్ చౌరస్తాలో టైరు కాలితే మా మేడ మీద ఆరేసిన బట్టలన్నీ రబ్బరు కమురు వాసన కొట్టేవి. టైరు కాలిపోయాక బూడిదలో సన్నటి ఉక్కు తీగలు మిగులుతాయి. అవి కంటికి కనబడవు, బండి టైరుకే కనబడతాయి. ఆ రోజుల్లో పంక్చరు కాని బండి లేదు మా వీధిలో. తెల్లారి నుంచి కోచింగుకు, నౌకర్లకు పోయేవాళ్లంతా బండ్లు తోసుకుంటూ నడిచేవాళ్లు. మా సందు చివర టెంటుహౌసు వాళ్ల స్పీకరు ఒకటి ధర్నాల్లో వాగీ వాగీ కాలిపోతే, నాయిన దాని అయస్కాంతం అడిగి తెచ్చుకున్నాడు. సైకిల్ ట్యూబు ముక్కను తాడులా కోసి దానికి కట్టి, బంద్ అయిపోయిన సాయంత్రాల్లో టైర్లు కాలిన చోట దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేవాడు. తీగలు వచ్చి దానికి అంటుకునేవి.

మా ఇంటి ఓనరు రత్నకుమారిగారిది తెనాలి వైపు. పై వాటాలో ఉండేవారు, సాయంత్రం బాల్కనీలో కూర్చుని వీధంతా చూసేవారు. “ఏమండీ దేవదానంగారూ, కుక్కపిల్లని షికారు తిప్పుతున్నారా?” అని పైనుంచి కేకేసేవారు. నాయిన తలెత్తి, “కరవదమ్మా, ఏం భయం లేదు” అనేవాడు. బయట రోడ్డు మీద ఆమె ఊరివాళ్లూ మా ఊరివాళ్లూ ఒకరినొకరు అనుకోని మాట లేదు ఆ రోజుల్లో. మా మెట్ల దగ్గర మాత్రం ఇటువంటి మాటలే నడిచేవి. కోపం ఉండేది కాదని చెప్పను. ఉన్నదాన్ని ఇద్దరూ వేళాకోళంలో తోసేసుకునేవాళ్లు.

నా సంగతి చెప్పాలి. డిగ్రీ అయిపోయి దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకుంటున్నాను. మెట్లు ఎక్కుతుంటే గోడలకు అతికించిన పాత ర్యాంకర్ల ఫోటోలు, గదిలో ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేటంత ఇరుకు, కింద మిర్చిబజ్జీ నూనె వాసన. నేను రాయవలసిన మొదటి పెద్ద పరీక్ష రెండుసార్లు వాయిదా పడింది, బందుల వల్ల. మూడోసారి తేదీ వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ ఒకటే ధ్యాస. బ్యాంకు నౌకరి వస్తే నాకు నా జీవితం వస్తుంది. మా పెద్దత్త తన కొడుక్కు నన్ను చేసుకుంటానని ఇంటి చుట్టూ తిరుగుతోంది, పరీక్ష దాకా ఆగండని నాయిన ఆమెకు చెప్పాడు. పరీక్ష పోతే నా దగ్గర ఇంక చెప్పడానికి మాట ఉండదు. ఇది నాయినకు తెలుసు. ఆయనకు తెలుసన్నదే నా బాధంతా.

పరీక్షకు ముందురోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పూ పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినడం, అదే నిరసన. బస్సులు అప్పటికే సమ్మెలో ఉన్నాయి, నాయిన ఇంట్లోనే ఉన్నాడు. మా సందు ఆడవాళ్లంతా గిన్నెలు మోసుకుని పోయారు. అమ్మ మూడు రాళ్లు పెట్టి పప్పు వండింది, నాయిన పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తూ, కళ్లు తుడుచుకుంటూ పాటకు వంత పాడాడు. పోయేముందు రత్నకుమారిగారు పైనుంచి దిగివచ్చి ఉప్పు పొట్లం అమ్మ చేతిలో పెట్టారు. “తొందరలో ఉప్పు మర్చిపోతావు నువ్వు. రేపు మమ్మల్ని పొమ్మనేటప్పుడు ఈ ఉప్పు గుర్తుంచుకోండి” అన్నారు. అమ్మ నవ్వి, “మిమ్మల్ని పొమ్మంటె కిరాయి ఎవ్వలికియ్యాలమ్మా” అంది. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద తిన్న పప్పన్నం రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు, అది ఒప్పుకోవాలి. భోజనాలయ్యాక ఊరేగింపు దిల్‌సుఖ్‌నగర్ వైపు కదిలింది, నాయిన దాంతో వెళ్లిపోయాడు. ఆడవాళ్లు గిన్నెలు కడుక్కుని ఇళ్లకు వచ్చేశారు. పొయ్యి రాళ్లు అక్కడే ఉండిపోయాయి. గిన్నెలు ఎవరివి వాళ్లవి, రాళ్లు ఎవరివీ కావు.

పొద్దున్నే నాయిన నన్ను బండి ఎక్కించుకున్నాడు. సెంటరు చైతన్యపురి లోపల ఒక కాలేజీ. “ఇయ్యాల ఏడ ఆగద్దు నాయినా” అన్నాను. “ఆగ బిడ్డా, ఒట్టు” అన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆమెన్ చెప్పగానే కళ్లు తెరిచి నాయినతో, “ఆగినవో, ఇంటికి రాకు” అంది. చౌరస్తా దాకా బాగానే వెళ్లాం. అక్కడ మలుపు తిరుగుతుంటే రోడ్డు మీద నల్లగా మసిపట్టిన రాళ్లు, చుట్టూ తడి బూడిద, మూడేసి మూడేసి అట్లాగే కూర్చుని ఉన్నాయి. ముందు పోతున్న స్కూటరు ఒకటి ఒక రాయిని రాసుకుని ఊగిసలాడి, ఎట్లాగో నిలదొక్కుకుని పోయింది. నాయిన బండి పక్కకు తీశాడు.

“నాయినా!” అని అరిచాను.

“మనం పెట్టిన రాళ్లే బిడ్డా. మీ అమ్మ పొయ్యి” అన్నాడు. ఆ మొహంలో సిగ్గు కనబడింది, అంత సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు. “గిప్పుడె వస్త. చిటికెల అయితది.”

నిజంగానే చిటికెలో అయ్యేదే. రెండు పొయ్యిలు తీసేశాడు. మూడో పొయ్యి దగ్గర పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తి, పొట్టకు ఆనించుకుని ఓరకు వస్తుంటే పోలీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఒక కానిస్టేబులు దిగాడు. ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిరసన మర్నాడు, చౌరస్తాలో, చేతిలో ఇంత రాయితో ఒక మనిషి. ఆయనకు ఇంకేం కనబడుతుంది?

“ఏయ్! రాయి కింద పెట్టు!”

“గీడ పెడితే మల్ల రోడ్డు మీదనే ఉంటది గద సార్. గా మోరి పక్కకు ఏసి వస్త.”

“కింద పెట్టుమంటే పెట్టవా?”

“రోడ్డు మీద ఉండద్దనే గద సార్ తీస్తున్న.”

ఏ మనిషైనా అక్కడ రాయి కింద పెడతాడు. పెట్టి, దండం పెట్టి, బిడ్డకు పరీక్ష ఉందని చెబుతాడు. మా నాయిన పెట్టలేదు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. రాయి పట్టుకునే వాదిస్తుంటే కానిస్టేబులుకు కోపం పెరిగింది, లాఠీ తీశాడు. నేను మధ్యలోకి పరుగెత్తి హాల్‌టికెట్టు చూపించాను. “సార్, రాళ్లు ఏసేటోడు కాదు, తీసేటోడు” అన్నాను. ఆ మాట నాకే నమ్మశక్యంగా అనిపించలేదు. ఏం పని చేస్తావని అడిగితే నాయిన నిజాయితీగా బస్సు డ్రైవర్నని, సమ్మెలో ఉన్నానని చెప్పాడు. దాంతో కానిస్టేబులు అనుమానం మొత్తం తీరిపోయింది. నాయినను జీపు పక్కన కూర్చోబెట్టి, బండి తాళం తీసుకుని, పెద్దసారు వచ్చేదాకా కదలొద్దన్నాడు. నేను షేర్ ఆటోల కోసం చేతులు ఊపాను. బస్సులు లేని రోజులు, ప్రతి ఆటోలో మనుషులు బయటికి వేలాడుతున్నారు, ఒక్కటీ ఆగలేదు.

పెద్దసారు వచ్చి రాళ్లు చూశాడు, వాటి మసి చూశాడు, నాయిన చొక్కాకు అంటిన మసి చూశాడు. “ఇవి పొయ్యి రాళ్లు కదా” అన్నాడు. “అవును సార్, నిన్న మా ఇంటామె పప్పు వండింది” అన్నాడు నాయిన. పెద్దసారు నవ్వాపుకోలేక తాళం ఇచ్చేశాడు. కానిస్టేబులు మిగిలిన రెండు రాళ్లనూ బూటుకాలితో ఓరకు తోశాడు, అదొక్కటే ఆ ఉదయం నాయినకు జరిగిన న్యాయం. అప్పటికే గేటు మూసే వేళ దగ్గరపడింది. నాయిన బండిని ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపాడు. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ముందు, కుళ్లిన బత్తాయిలు, గడ్డి చెత్త మధ్య, ఒక సిమెంటు దిమ్మె రోడ్డు మీద అడ్డంగా పడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. ఆయన వీపుకు నా చెయ్యి ఆనుకుని ఉంది, ఆ వీపు ఒక్క క్షణం బిగుసుకోవడం నాకు తెలిసింది. దాన్ని తప్పించుకుని ముందుకు పోయాడు. నాకు తెలిసి ఆయన ఆగకుండా పోయిన రాయి అదొక్కటే.

గేటు మూసేశారు. అప్పుడే మూశారట. మాలాగే వచ్చినవాళ్లు కొందరు గేటు ఊచలు పట్టుకుని బతిమాలుతున్నారు, ఒక పిల్ల నేల మీద కూర్చుని ఏడుస్తోంది. వాచ్‌మన్ మంచిగానే, “నా చేతిల ఏం లేదమ్మా” అన్నాడు. నాయిన వెళ్లి అతని ముందు రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులకు ఇంకా మసి ఉంది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

తిరిగి వస్తుంటే కొత్తపేటలో అవతలి వైపు ఆ దిమ్మె అక్కడే ఉంది. నాయిన బండి ఆపాడు. నేను నమ్మలేకపోయాను. స్టాండు వేసి, చెయ్యి అడ్డం పెట్టి, డివైడరు దాటిపోయి, వంగి దాన్ని దొర్లించసాగాడు. నేను బండి దిగి ఇంటివైపు నడవడం మొదలుపెట్టాను. ఆయన వెనకాలే బండి మీద, మొదటి గేరులో, “ఎక్కు బిడ్డా, ఎండ” అంటూ వచ్చాడు. ఎక్కలేదు. ఎల్బీనగర్ దాకా నేను నడిచాను, ఆయన నా పక్కనే బండి మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. ఇంటికి వచ్చాక ఒక్కటే అడిగాను. “ఎవ్వలి కోసం నాయినా?”

“తెల్వది బిడ్డా” అన్నాడు.

ఆ జవాబు మీద నాకు ఈనాటికీ కోపమే. పడ్డవాళ్ల పేర్లు తెలుస్తాయి, వాళ్ల ఇంటికి పోయి చూడొచ్చు. పడనివాళ్లను ఎక్కడని వెతకాలి? ఎవరో ఒక మనిషి ఆ దిమ్మెకు తగిలి చచ్చిపోయేవాడు, నీ పరీక్ష పోయి అతను బతికాడు అని ఎవరైనా వచ్చి నాతో చెప్పి ఉంటే, నేనే సంతోషంగా ఆ హాల్‌టికెట్టు చించేసేదాన్ని. ఎవరూ రాలేదు, ఎవరొస్తారు! తీసిన రాయికి సాక్ష్యం ఉండదు. పోయిన పరీక్షకు మాత్రం మా వీధంతా సాక్ష్యమే.

ఆ ఏడాది మళ్లీ పరీక్ష పడలేదు, తర్వాత రాసినవాటిలో నా పేరు రాలేదు. పెద్దత్త కొడుకును నేను చేసుకోలేదు, ఆ ఒక్క విషయంలో నాయిన నా వెనక రాయిలా నిలబడ్డాడని అమ్మ ఎత్తిపొడిచేది. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను, తర్వాత ఇన్సూరెన్సు ఆఫీసులో చేరాను, ఇప్పటికీ అక్కడే. బ్యాంకుకు పోయినప్పుడు కౌంటరు వెనక నా వయసు ఆడవాళ్లను చూస్తే వాళ్ల ముందున్న పేరుపలకలు చదువుతూ నిలబడతాను. రాష్ట్రం వచ్చిన రోజు మా సందులో టపాసులు కాల్చి, డప్పులు కొట్టి, రంగులు చల్లుకున్నారు. నాయిన చిన్నపిల్లాడిలా ఎగిరాడు, రత్నకుమారిగారు కూడా దిగివచ్చి ఒక లడ్డూ తిని, “సరే, మీదే గెలుపు, ఇక కుళాయి నీళ్లయినా సరిగా రానివ్వండి” అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే నాయిన చీపురు, గోనెసంచి పట్టుకుని చౌరస్తాలో పగిలిన సీసాలు ఊడుస్తున్నాడు. “రాష్ట్రం వొచ్చె, గీయన డ్యూటీ మాత్రం దిగకపాయె” అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇప్పుడు ఆ దారంతా మారిపోయింది. మెట్రో స్తంభాలు వచ్చాయి, నెత్తి మీద రైళ్లు పోతాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో పైన వంతెనలు, కింద దారులు, అమ్మ పొయ్యి పెట్టిన చోటు ఎక్కడో నేను వెతికి చూపించలేను. పండ్ల మార్కెట్టు కూడా పోయింది. రాళ్లు మాత్రం పోలేదు. పగిలిన డివైడరు ముక్కలు, కాంక్రీటు లారీలు కార్చిన గడ్డలు, కేబుళ్ల కోసం తవ్వి వదిలేసిన మట్టి. అప్పట్లో రాయి ఎవరు పెట్టారో తెలిసేది, తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. ఇప్పుడు రాళ్లు వాటంతటవే మొలుస్తున్నట్టు ఉంటాయి. జనానికి తప్పించుకోవడం బాగా వచ్చేసింది, చూడకుండానే వంకర తిరిగి పోతారు. నేనూ అంతే. స్కూటీ మీద రోజూ ఆ దారిలోనే పోతాను, ఎన్నడూ ఆగలేదు. ఒకరికి ఆగే జబ్బు ఉంటే ఇంటికి చాలు.

అయస్కాంతం దొరికిన వారమే, పొద్దున ఆఫీసుకు పోతుంటే, చైతన్యపురి దగ్గర మెట్రో స్తంభం పక్కన డివైడరు ముక్క ఒకటి నడిరోడ్డు మీద ఉంది. అందరిలాగే తప్పించాను. అద్దంలో చూస్తే నా వెనక బండి మీద వస్తున్నతను, ముందు చిన్నపిల్లను కూర్చోబెట్టుకున్నవాడు, దాన్ని ఆఖరి క్షణంలో చూసి బండి వంచేశాడు. కాలు నేల మీద రాసుకుంటూ పోయి ఎట్లాగో పడకుండా నిలదొక్కుకున్నాడు. పిల్ల నవ్వుతూనే ఉంది, దానికేం తెలుసు. ఆగుదామంటే చోటు లేదు, వెనక బస్సు హారను. ఆ బస్సు డ్రైవరుకు పైనుంచి అంతా కనబడే ఉంటుంది. ఎంతో దూరం పోతే గాని యూటర్ను లేదు, తిరిగి వచ్చాక అవతలి వైపు ఇంకో యూటర్ను. దారి పొడుగునా నాయినను తిడుతూనే ఉన్నాను. పోయాక కూడా నన్ను ఆఫీసుకు సమయానికి చేరనివ్వడు కదా అని, ఆయన వెనక కూర్చున్నప్పుడు ఎట్లా తిట్టుకునేదాన్నో అట్లాగే.

తీరా వచ్చి చూస్తే రాయి లేదు. అది ఉన్నచోటు నుంచి స్తంభం దాకా రోడ్డు మీద తెల్లటి గీత ఉంది, ఎవరో ఈడ్చిన గీత. ముక్క స్తంభం మొదట్లో ఆనించి ఉంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు, బండ్లు పోతున్నాయి. ఎవరు తీశారో ఎవరినని అడగను. ఆఫీసుకు ఆలస్యం అయిపోయింది, అయినా అక్కడే స్కూటీ మీద కూర్చుండిపోయాను. తీసినవాళ్లకు దండం పెట్టాలని నాకు అనిపించలేదు, మా నాయినకే ఎప్పుడూ పెట్టలేదు. నాకు వేరే ఆలోచన వచ్చి, కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ రాయి తీసినతను దిగి దాన్ని ఈడుస్తున్నంతసేపూ, అతని బండి వెనక ఎవరు కూర్చుని ఉన్నారో. ఎక్కడికి పోవాల్సిన పిల్లో. గేటు మూసేలోపు చేరిందో లేదో.